అమెరికాలో ఫార్మసిస్ట్ కావాలా? నాప్లెక్స్ కంటే ముందే, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజునే సగం ఫలితం తేలిపోతుంది!

‘ముందు బీఫార్మసీలో చేరిపో.. తర్వాత అమెరికా వెళ్లి లైసెన్స్ పరీక్ష రాసుకోవచ్చు.’ ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ టైమ్‌లో తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. వినడానికి బాగానే ఉంటుంది. నాలుగేళ్ల కోర్సు, ఆ తర్వాత ఒక పరీక్ష, ఆపై డాలర్ జీతం. కానీ ఈ లెక్కలో ఒక పెద్ద చిక్కుంది. నాలుగేళ్ల బీఫార్మసీ చేసినవాళ్లకు అమెరికాలో ఆ పరీక్ష రాసే అర్హతే ఉండదు.

చాలామందికి ఈ విషయం డిగ్రీ చేతికొచ్చాకే తెలుస్తోంది. కొందరికైతే ఎంఎస్ కోసం విమానం ఎక్కి, అక్కడ దిగాక తెలుస్తోంది. అప్పటికి లక్షల రూపాయల లోన్ నెత్తిన ఉంటుంది.

అసలు అమెరికా ఫార్మసిస్ట్ లైసెన్స్‌కు దారి ఏది? ఎన్ని పరీక్షలు? అందులో ఏం అడుగుతారు? ఇప్పుడున్న వీసా రూల్స్‌లో ఈ ప్రయత్నం చేయొచ్చా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ముఖ్యాంశాలు:

• 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పూర్తి చేసిన విదేశీ విద్యార్థులకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి.
• మన ఫార్మ్‌డీ ఆరేళ్లు కాబట్టి అర్హత ఉంది. బీఫార్మసీ నాలుగేళ్లు కాబట్టి లేదు.
• ఫార్మ్‌డీ ఉన్నా నేరుగా నాప్లెక్స్ రాయలేరు. దానికంటే ముందు ఇంకో పరీక్ష, ఇంగ్లిష్ టెస్ట్, ఇంటర్న్‌షిప్ గంటలు ఉంటాయి.
• పరీక్ష పాసైనా వీసా, ఉద్యోగం వేరే లెక్క. 2025 తర్వాత ఆ లెక్క ఇంకా కష్టమైంది.

నాలుగేళ్లా? ఆరేళ్లా? ఇక్కడే అసలు మలుపు

ఈఏపీసెట్ రాసిన ఎంపీసీ, బైపీసీ విద్యార్థులకు ఫార్మసీలో ప్రధానంగా రెండు కోర్సులు కనిపిస్తాయి. ఒకటి బీఫార్మసీ, నాలుగేళ్లు. రెండోది ఫార్మ్‌డీ, ఆరేళ్లు. ఫార్మ్‌డీలో ఐదేళ్లు చదువు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో ఈ కోర్సుకు నిబంధనలు తెచ్చింది.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలామంది చూసేది ఫీజు, కాలేజీ దూరం, ఎన్నేళ్లు అనేవే. ‘ఆరేళ్లా? అమ్మో, ఇంజినీరింగ్ చేసినవాళ్లు అప్పటికి రెండేళ్లు జీతం తీసుకుంటారు’ అని బీఫార్మసీ వైపు వెళ్లిపోతారు. ఇండియాలోనే ఉద్యోగం చూసుకునేవాళ్లకు అది తప్పు నిర్ణయం కాకపోవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ, రెగ్యులేటరీ, డ్రగ్ సేఫ్టీ ఉద్యోగాలకు బీఫార్మసీ బాగానే పనికొస్తుంది.

కానీ మనసులో అమెరికా ఉంటే మాత్రం కథ వేరు. అక్కడ విదేశీ ఫార్మసీ డిగ్రీలను చూసేది ఎన్‌ఏబీపీ, అంటే అన్ని రాష్ట్రాల ఫార్మసీ బోర్డులకు కలిపి ఉన్న జాతీయ సంఘం. ఐదేళ్ల నిబంధన పెట్టింది వీళ్లే. ‘నాలుగేళ్ల బీఫార్మసీకి రెండేళ్ల ఎంఫార్మసీ కలిపితే ఆరేళ్లు అవుతుంది కదా?’ అని చాలామంది అడుగుతుంటారు. అలా కలపరు. ఫార్మసిస్ట్‌గా అర్హత ఇచ్చే మొదటి డిగ్రీ ఎన్నేళ్లదో అదే చూస్తారు.

అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని పెట్టిన ఒక ఆప్షన్.. ఆరేడేళ్ల తర్వాత వేరే దేశంలో పరీక్ష హాల్ తలుపు తీస్తుందా, మూసేస్తుందా అన్నది తేలుస్తోంది. ఇంత పెద్ద విషయాన్ని కౌన్సెలింగ్ సెంటర్‌లో చెప్పేవాళ్లు తక్కువే.

మరి మన బంధువుల్లో కొందరు బీఫార్మసీతోనే ఎలా వెళ్లారు?

ఇది చాలా కుటుంబాల్లో వచ్చే డౌట్. ‘మా పెదనాన్నగారి అబ్బాయి బీఫార్మసీయే చేశాడు, న్యూజెర్సీలో ఫార్మసిస్ట్‌గా చేస్తున్నాడు’ అంటారు. అది అబద్ధం కాదు. 2003కు ముందు డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు నాలుగేళ్ల కోర్సు సరిపోయేది. 1990ల్లో వెళ్లినవాళ్లు ఆ దారిలోనే స్థిరపడ్డారు.

అమెరికా అప్పట్లో తన సొంత పద్ధతినే మార్చుకుంటోంది. పాత బ్యాచిలర్ డిగ్రీని పక్కన పెట్టి, ఫార్మసిస్ట్ కావాలంటే ఫార్మ్‌డీ ఒక్కటే దారి అని తేల్చింది. బయటి నుంచి వచ్చేవాళ్లకు కూడా కోర్సు కాలం పెంచింది. రూల్ మారి ఇరవై ఏళ్లు దాటింది. కానీ ఇళ్లలో సలహా మాత్రం పాతదే నడుస్తోంది. సలహా ఇచ్చే అన్నయ్య మంచివాడే, ఆయన అనుభవమూ నిజమే. కాకపోతే ఆ తలుపు ఆయన వెనకాలే మూసుకుపోయింది.

లైసెన్స్ దాకా మెట్లు ఎన్ని?

సరే, ఫార్మ్‌డీ చేశారు అనుకుందాం. ఇక నేరుగా నాప్లెక్స్ రాసేయొచ్చా? లేదు. మన డిగ్రీ పేరు, అక్కడి డిగ్రీ పేరు ఒకటే అయినా, మన కాలేజీలకు అక్కడి అక్రెడిటేషన్ లేదు. అందుకే విదేశీ గ్రాడ్యుయేట్ల కోసం వేరే వరస ఉంది.

మొదటి మెట్టు: కాగితాలు. డిగ్రీ, మార్కుల వివరాలు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. వాటిని అక్కడి ఒక సంస్థ మదింపు చేస్తుంది. ఇక్కడ ఫార్మసిస్ట్‌గా రిజిస్టర్ అయినట్టు రుజువూ కావాలి. అంటే ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోకుండా విమానం ఎక్కితే, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడి ఆఫీసు చుట్టూ ఎవరినో ఒకరిని తిప్పాల్సి వస్తుంది. చాలామందికి నెలలకు నెలలు పోయేది ఈ మెట్టు మీదే.

రెండో మెట్టు: ఎఫ్‌పీజీఈఈ. విదేశీ ఫార్మసీ చదువు అక్కడి చదువుతో సమానమా కాదా అని తేల్చే పరీక్ష. 200 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు.

మూడో మెట్టు: టోఫెల్. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ పాత స్కేల్ ప్రకారం 30కి స్పీకింగ్‌లోనే 26 రావాలి. ఎంఎస్ సీటుకు సరిపోయే స్కోరు ఇక్కడ సరిపోదు. ఫార్మకాలజీ మొత్తం నోటికొచ్చినవాళ్లు కూడా ఈ 26 దగ్గర రెండు మూడు సార్లు ఆగిపోతుంటారు. 2026 జనవరి నుంచి టోఫెల్ స్కోరింగ్ 1 నుంచి 6 స్కేల్‌కు మారింది కాబట్టి, ఇప్పుడు రాసేవాళ్లు కొత్త స్కేల్‌లో ఎంత కావాలో ఎన్‌ఏబీపీ సైట్‌లో చూసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి.

ఈ మూడూ దాటితే ఎఫ్‌పీజీఈసీ అనే సర్టిఫికెట్ వస్తుంది. గుర్తుంచుకోండి, ఇది లైసెన్స్ కాదు. లైసెన్స్ కోసం క్యూలో నిలబడే టోకెన్ మాత్రమే.

నాలుగో మెట్టు: ఇంటర్న్‌షిప్. రాష్ట్రాన్ని బట్టి గంటలు మారతాయి, చాలా చోట్ల 1,500 గంటలు. వారానికి 40 గంటల చొప్పున చేస్తే తొమ్మిది నెలల దాకా పడుతుంది. దీనికి అక్కడ పని చేసే హక్కు ఉన్న వీసా కావాలి.

ఐదో మెట్టు: నాప్లెక్స్. 225 ప్రశ్నలు, 6 గంటలు. అమెరికాలో చదివిన పిల్లలు, బయటి నుంచి వచ్చినవాళ్లు అందరూ రాసేది ఇదే. మొత్తం ఐదు అవకాశాలే ఇస్తారు. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 45 రోజులు ఆగాలి.

ఆరో మెట్టు: చట్టం పరీక్ష. చాలా రాష్ట్రాల్లో ఎంపీజేఈ, కాలిఫోర్నియాలో మాత్రం దానికి వేరే పరీక్ష ఉంది. ఒక రాష్ట్రంలో లైసెన్స్ వస్తే దేశమంతా పని చేయొచ్చని కాదు. రాష్ట్రం మారితే ఆ రాష్ట్రం అనుమతి మళ్లీ కావాలి.

లెక్కేస్తే ఆరేళ్ల చదువు తర్వాత ఇంకో రెండు మూడేళ్లు. అది కూడా అన్నీ సాఫీగా జరిగితే.

చదవడం అంటే ఏం చదవాలి?

మన దగ్గర ఫార్మసీ చదివిన పద్ధతి ఒకటి. అక్కడ పరీక్ష అడిగే పద్ధతి ఇంకొకటి. మన యూనివర్సిటీ పరీక్షల్లో ‘ఫలానా మందు గురించి రాయండి’ అంటే రెండు పేజీలు నింపేస్తాం. అక్కడ మందు గురించి అడగరు, మనిషి గురించి అడుగుతారు.

ఒక ఉదాహరణ చూడండి. గుండె సమస్యతో వార్ఫరిన్ వాడుతున్న పెద్దాయనకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టర్ మెట్రోనిడజోల్ రాశారు. చీటీ మీ కౌంటర్‌కి వచ్చింది. ఏం చేస్తారు? ఈ రెండూ కలిస్తే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి చీటీ చూసి మందు ఇచ్చేయడం సరైన జవాబు కాదు. డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వేరే మందు సూచించాలి, లేదంటే డోసు తగ్గించి రక్త పరీక్ష దగ్గరగా చూడమని చెప్పాలి. నాప్లెక్స్ నిండా ఇలాంటి కేసులే.

లెక్కలు కూడా అంతే. రోగి బరువు 176 పౌండ్లు. హెపారిన్ డోసు కిలోకు గంటకు 18 యూనిట్లు. బాటిల్‌లో 250 ఎంఎల్‌కి 25,000 యూనిట్లు ఉన్నాయి. డ్రిప్ గంటకు ఎన్ని ఎంఎల్ పెట్టాలి? ముందు పౌండ్లను కిలోల్లోకి మార్చాలి, 2.2తో భాగిస్తే 80. దాన్ని 18తో గుణిస్తే గంటకు 1,440 యూనిట్లు. ఒక ఎంఎల్‌లో 100 యూనిట్లు. అంటే గంటకు 14.4 ఎంఎల్. ఇంటర్ లెక్కే. కానీ ఆరు గంటల పరీక్షలో నాలుగో గంటలో, పౌండ్లను కిలోలు చేయడం మర్చిపోతే జవాబు రెట్టింపు దాటిపోతుంది. నిజం కౌంటర్‌లో అయితే రోగి ప్రాణం మీదకి వస్తుంది. ఆప్షన్లలో ఆ తప్పు జవాబు కూడా ముద్దుగా రెడీగా ఉంటుంది.

ఇక పేర్ల గోల. మనం చిన్నప్పటి నుంచి పారాసిటమాల్ అంటాం. అక్కడ అది అసిటమినోఫెన్. మన సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. అడ్రినలిన్ అంటే ఎపినెఫ్రిన్. గ్లిబెన్‌క్లమైడ్ అంటే గ్లైబురైడ్. రిఫాంపిసిన్ అంటే రిఫాంపిన్. మందు అదే, పేరు వేరు. ఇక్కడి డోలో వాళ్లకు తెలియదు, అక్కడి టైలెనాల్ మనకు అలవాటు లేదు. మన మెడికల్ షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడైన నిమెసులైడ్‌కు అక్కడ అనుమతే లేదు.

చట్టం సంగతి ఇంకా వేరు. మన దగ్గర షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ ఉంటాయి. అక్కడ మత్తు, నొప్పి మందులకు ఒకటి నుంచి ఐదు దాకా షెడ్యూళ్లు. రెండో షెడ్యూల్ మందుకు రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి. మూడు, నాలుగు షెడ్యూళ్లలో ఆరు నెలల్లో ఐదు రీఫిల్స్ దాకా ఇవ్వొచ్చు. రీఫిల్ అనే పద్ధతే మన కౌంటర్ల మీద పెద్దగా లేదు. పాత స్ట్రిప్ చూపించి ‘ఇదే ఇవ్వండి అన్నా’ అంటే ఇచ్చేస్తారు. అలాంటి చోట నుంచి వెళ్లినవాళ్లకు ఈ చాప్టర్ పుస్తకం కాదు, అలవాటు మార్చుకోవడం.

ఎఫ్‌పీజీఈఈ వెయిటేజీ చూస్తే ప్లాన్ ఎలా వేసుకోవాలో అర్థమవుతుంది. బేసిక్ బయోమెడికల్ సైన్సెస్ 10%. ఫార్మాస్యూటికల్ సైన్సెస్ 33%. సామాజిక, పరిపాలన అంశాలు 22%. క్లినికల్ సైన్సెస్ 35%.

మనవాళ్లు బలంగా ఉండేది ఆ 33% దగ్గర. కెమిస్ట్రీ, ఫార్మాస్యూటిక్స్ మన కాలేజీలు బాగానే నేర్పిస్తాయి. మునిగేది 22% దగ్గర. బయోస్టాటిస్టిక్స్, ఇన్సూరెన్స్ పద్ధతి, ఆరోగ్య ఖర్చుల లెక్కలు, రోగితో మాట్లాడే తీరు.. ఇవన్నీ అక్కడి నుంచే వస్తాయి. ‘ఇవేం సబ్జెక్టులు, చివర్లో చూసుకుందాంలే’ అని వదిలేస్తే దాదాపు నాలుగో వంతు మార్కులు వదిలేసినట్టే.

కాబట్టి ప్రిపరేషన్ మొదలుపెట్టేవాళ్లు వచ్చిన సబ్జెక్టే మళ్లీ మళ్లీ చదవడం ఆపాలి. రోజూ పది లెక్కలు పేపర్ మీద చేయడం, ప్రతి మందుకూ అక్కడి పేరు రాసుకోవడం, ప్రతి జబ్బునూ ఒక రోగి కేసులా చదవడం, ఇంగ్లిష్‌లో బయటికి మాట్లాడటం.. ఇవి మొదటి రోజు నుంచే జరగాలి. ఎన్‌ఏబీపీనే ప్రీ ఎఫ్‌పీజీఈఈ, ప్రీ నాప్లెక్స్ అని ప్రాక్టీస్ పరీక్షలు ఇస్తుంది. టెలిగ్రామ్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌ల కంటే అవే నయం.

మన దగ్గర పరీక్షే లేదు కదా!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇండియాలో బీఫార్మసీ, ఫార్మ్‌డీ చేసినవాళ్లు ఫార్మసిస్ట్‌గా రిజిస్టర్ కావడానికి వేరే లైసెన్స్ పరీక్ష రాయనక్కర్లేదు. డిగ్రీ సర్టిఫికెట్ తీసుకెళ్లి రాష్ట్ర కౌన్సిల్‌లో దరఖాస్తు చేసుకుంటే సరిపోతుంది.

డిప్లొమా వాళ్ల కోసం మాత్రం ఫార్మసీ కౌన్సిల్ 2022లో ఎగ్జిట్ పరీక్ష నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆ పరీక్ష తొలిసారి జరిగింది. మూడు పేపర్లు, ప్రతి దాంట్లో 50% రావాలి. ఎన్నిసార్లైనా రాయొచ్చు. అంటే మన దేశంలో ఫార్మసిస్ట్‌కు లైసెన్స్ పరీక్ష అనే ఆలోచన ఇప్పుడిప్పుడే మొదలైంది, అది కూడా ఒక మెట్టు దగ్గరే.

దీని ప్రభావం ఎక్కడ కనిపిస్తుందో అందరికీ తెలుసు. గోడకు సర్టిఫికెట్ ఒకరిది వేలాడుతుంటుంది, కౌంటర్‌లో మందులిచ్చేది ఇంకొకరు. ఫార్మసిస్ట్ లేకుండా మందు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. రోగికి మందు గురించి వివరించాలని 2015 ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. మీకు చివరిసారి మందు ఎలా వాడాలో కూర్చోబెట్టి చెప్పిన మెడికల్ షాప్ ఏదో గుర్తుందా?

అమెరికా పరీక్ష మనవాళ్లకు కష్టంగా ఉండటానికి అసలు కారణం ఇదే. సిలబస్ పెద్దదని కాదు. డాక్టర్ రాసిన చీటీని ప్రశ్నించే ఫార్మసిస్ట్‌ను ఆ పరీక్ష వెతుకుతుంది. అలా ప్రశ్నించే అవకాశం మన షాపుల్లో, చాలా ఆసుపత్రుల్లో ఎవరికీ ఇవ్వలేదు. చేయని పని గురించి పరీక్ష రాయడం కష్టమే కదా.

ఆరేళ్లు చదివినా ఇక్కడ పోస్ట్ ఏది?

‘అయితే ఇక్కడే మంచి ఉద్యోగం చూసుకోవచ్చు కదా, అమెరికా ఎందుకు?’ న్యాయమైన ప్రశ్నే. ఫార్మ్‌డీ ఉద్దేశమే ఆసుపత్రి వార్డులో డాక్టర్ పక్కన నిలబడి మందులు చూసే క్లినికల్ ఫార్మసిస్ట్‌ను తయారు చేయడం. కొన్ని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు అలా తీసుకుంటున్నాయి. కానీ ప్రతి వార్డుకూ ఒకరు ఉండాలన్న పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు.

ప్రభుత్వం వైపు చూస్తే, తెలంగాణ 2024లో ఫార్మసిస్ట్ గ్రేడ్ 2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. తొలుత 633 పోస్టులు. ఆ పోస్టుకు రెండేళ్ల డిప్లొమా అర్హత చాలు. ఆరేళ్లు చదివినవాళ్ల చదువుకు తగ్గ పోస్ట్ అది కాదన్నది చెప్పక్కర్లేదు. అందుకే చాలామంది ఫార్మ్‌డీలు మెడికల్ కోడింగ్, డ్రగ్ సేఫ్టీ వైపు వెళ్లిపోతున్నారు. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, పని మాత్రం నైట్ షిఫ్ట్‌లో కంప్యూటర్ ముందు.

అంటే చిత్రంగా ఉంది పరిస్థితి. అమెరికా తలుపు తెరిచే డిగ్రీకి ఇక్కడ సరైన కుర్చీ లేదు. ఇక్కడ కుర్చీ దొరికే డిగ్రీకి అమెరికా తలుపు తెరుచుకోదు. విద్యార్థి ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, అది కూడా ఇంటర్ అయిపోయిన వెంటనే.

అమెరికాలో పరిస్థితి ఎలా ఉంది?

జీతం మాట నిజమే. అమెరికా కార్మిక శాఖ గణాంకాల ప్రకారం 2024 మేలో అక్కడి ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 1,37,480 డాలర్లు. ఈ ఒక్క అంకె చూసే చాలామంది అప్పు చేస్తున్నారు. కానీ దాని పక్కన ఇంకొన్ని విషయాలు కూడా పెట్టి చూడాలి.

ఒకటి, షాపులు మూతపడుతున్నాయి. వాల్‌గ్రీన్స్ మూడేళ్లలో 1,200 స్టోర్లు మూసేస్తామని 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. రైట్ ఎయిడ్ 2025లో రెండోసారి దివాలా తీసి, ఆ ఏడాదే తన స్టోర్లన్నీ మూసేసింది. కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్న విదేశీ ఫార్మసిస్టులకు మొదటి ఉద్యోగం ఎక్కువగా దొరికేది ఇలాంటి చెయిన్ స్టోర్లలోనే. మరోవైపు ఆసుపత్రుల్లో, స్పెషాలిటీ మందుల రంగంలో అవకాశాలున్నాయి కానీ, అక్కడ రెసిడెన్సీ చేసినవాళ్లతో పోటీ పడాలి.

రెండు, వీసా. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ఇచ్చిన ప్రకటనతో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. అక్కడే చదువుకుంటూ స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని ఆ తర్వాత అధికారులు వివరణ ఇచ్చారు. అయినా హైదరాబాద్‌లో కూర్చున్న ఫార్మ్‌డీ కోసం లక్ష డాలర్లు కట్టే ఫార్మసీ ఎన్ని ఉంటాయి? అందుకే ఇప్పుడు చాలామంది ముందు ఎంఎస్‌కి వెళ్లి, అక్కడి నుంచి లైసెన్స్ దారి పడుతున్నారు. అంటే ఖర్చులో ఎంఎస్ ఫీజు కూడా కలిసింది. గ్రీన్‌కార్డు క్యూ భారతీయులకు ఎంత పొడవో వేరే చెప్పాలా?

మూడు, బీఫార్మసీతో వెళ్లినవాళ్ల పరిస్థితి. లైసెన్స్ దారి లేకపోవడంతో కొందరు ఫార్మసీ టెక్నీషియన్‌గా చేస్తున్నారు. దానికి సర్టిఫికెట్ పరీక్ష వేరే ఉంది. జీతం ఫార్మసిస్ట్ జీతంలో చిన్న భాగం. ఇంకొందరు హెల్త్ డేటా, ఐటీ వైపు మళ్లుతున్నారు. అక్కడి ఫార్మ్‌డీ మళ్లీ మొదటి నుంచి చదివితే నేరుగా నాప్లెక్స్ రాయొచ్చు. కానీ ఆ ఫీజుకు ఇక్కడ ఒక ఇల్లు వస్తుంది.

కెనడా, బ్రిటన్, గల్ఫ్ మాటేంటి?

బీఫార్మసీ చేసినవాళ్లకు అన్ని దారులూ మూసుకుపోలేదు. కెనడాలో పీఈబీసీ అనే బోర్డు నాలుగేళ్ల డిగ్రీనీ పరిశీలిస్తుంది. ముందు కాగితాల మదింపు, తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆపై రెండు భాగాల క్వాలిఫయింగ్ పరీక్ష. రెండో భాగం మాత్రం రాత పరీక్ష కాదు. రోగిగా నటించే మనిషి ముందు కూర్చోబెట్టి, మీరు ఎలా మాట్లాడతారో చూస్తారు. ఆ తర్వాత కూడా ప్రావిన్స్ నిబంధనలు ఉంటాయి.

బ్రిటన్‌లో ఓఎస్‌పీఏపీ అనే ఏడాది కోర్సు, ఆ తర్వాత ఏడాది ట్రైనింగ్, చివర్లో రిజిస్ట్రేషన్ పరీక్ష. ఆ పరీక్షకు మూడే అవకాశాలు. గల్ఫ్ దేశాల్లో డేటాఫ్లో వెరిఫికేషన్, కంప్యూటర్ పరీక్ష ఉంటాయి. ఖర్చు, టైమ్ తక్కువ. కానీ చాలా చోట్ల పని అనుభవం అడుగుతారు. కాబట్టి డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని చదవడం కంటే, ఒక ఆసుపత్రి ఫార్మసీలో రికార్డు ఉండేలా పని చేయడమే మంచిది.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

ఇంటర్ పూర్తయినవాళ్లు: ఫార్మసిస్ట్ లైసెన్స్‌తో అమెరికానే లక్ష్యమైతే ఆరేళ్ల ఫార్మ్‌డీకే ఆప్షన్ పెట్టండి. అయితే వార్డులో నిజంగా నేర్పించే, పెద్ద ఆసుపత్రితో అనుబంధం ఉన్న కాలేజీయేనా చూడండి. ఆసుపత్రి పేరు బోర్డు మీద మాత్రమే ఉన్న కాలేజీలో ఆరేళ్లు చదివితే పరీక్ష దగ్గర కష్టపడతారు. లక్ష్యం ఖాయంగా తెలియకపోతే బీఫార్మసీ తప్పేం కాదు, కానీ దాంతో ఏ దేశం తలుపు తెరుచుకోదో తెలిసి చేరండి.

బీఫార్మసీ చదువుతున్నవాళ్లు: కన్సల్టెన్సీ వాళ్లు ‘ఎంఎస్ చేస్తే లైసెన్స్ వస్తుంది’ అంటే, ఆ మాట రాసిమ్మని అడగండి. ఎంఎస్ వేరు, లైసెన్స్ వేరు. బీఫార్మసీ తర్వాత మన దగ్గర మూడేళ్ల పోస్ట్ బ్యాకలారియట్ ఫార్మ్‌డీ కూడా ఉంది. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఫీజు కట్టక ముందే ఎన్‌ఏబీపీకి మెయిల్ పెట్టి అర్హత తేల్చుకోండి. జవాబు మెయిల్‌లో ఉంటే తర్వాత ఎవరినీ నిందించుకోనక్కర్లేదు.

ఫార్మ్‌డీ పూర్తయినవాళ్లు: ముందు రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వండి. యూనివర్సిటీ నుంచి మార్కుల వివరాలు ఎలా పంపుతారో కనుక్కోండి. టోఫెల్ స్పీకింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ తర్వాతే కోచింగ్ ఫీజు కట్టండి.

తల్లిదండ్రులు: ‘ఫలానా వాళ్ల అబ్బాయి’ ఏ ఏడాదిలో డిగ్రీ పూర్తి చేశాడో ఒక్కసారి అడగండి. 2003కు ముందా, తర్వాతా? ఆ ఒక్క జవాబుతో మీ పిల్లల ఆరేళ్లు, మీ ఇంటి లోన్ రెండూ సరైన దారిలో పడొచ్చు.

ఈ విషయంలో కాలేజీలు, కౌన్సెలింగ్ అధికారులు చేయాల్సింది కూడా పెద్దదేం కాదు. వెబ్ ఆప్షన్ల పేజీలో బీఫార్మసీ, ఫార్మ్‌డీ పక్కన ఏ డిగ్రీతో ఏ దేశంలో లైసెన్స్‌కు అర్హత ఉందో రెండు లైన్లు తెలుగులో రాస్తే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. అది వచ్చేదాకా ఈ రెండు లైన్లు మీకు తెలిసినవాళ్లకు ఆప్షన్లు పెట్టే ముందే చెప్పండి: నాలుగేళ్ల డిగ్రీతో అమెరికాలో ఫార్మసిస్ట్ లైసెన్స్ లేదు. ఆరేళ్ల డిగ్రీతో ఉంది, కానీ దారి పొడవు.